కుక్కను వెంటబెట్టుకుని తీరం వెంట మోటర్‌హోమ్ ప్రయాణం: ఎలా చేయాలి

ఇంటిల్లిపాదీ మోటర్‌హోమ్ (లోపలే పడకలు, వంటగది ఉండే బండి) వేసుకుని సముద్రం పక్కనే కొన్ని రోజులు తిరిగొద్దామనుకునేవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: “ఏసీ వేసి కుక్కను బండిలో వదిలి మేం ఓ గంట బయట తిరిగి రావచ్చా?” దీనికి అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పలేం. ఏసీ ఆగిపోతే మీ బండి ఎన్ని నిమిషాల్లో వేడెక్కుతుందో తెలిసి, ఆలోపు మీరు వెనక్కి చేరుకోగలిగితే వెళ్ళొచ్చు. ఆ లెక్క తెలియకపోతే వెళ్ళకూడదు. ఆ నిమిషాలు కొలిచే పద్ధతి కింద 5వ మెట్టులో ఉంది. తొందరలో ఉన్నవాళ్ళు కనీసం అదొక్కటైనా చేసి చూశాకే బయలుదేరండి.

కావలసినవి

కుక్కకు:

- ఛాతీ చుట్టూ పట్టే హార్నెస్, దాన్ని సీటు బెల్టుకు తగిలించే పొట్టి పట్టీ. లేదా కుక్క లేచి నిలబడి, తిరిగి పడుకోగలిగేంత గట్టి క్రేట్ (పంజరం లాంటి పెట్టె).
- రెండు మీటర్ల లీష్‌లు (కుక్కను పట్టుకుని నడిపించే తాళ్ళు) రెండు. ఒకటి ఎప్పుడూ తడిగానే ఉంటుంది.
- ఫోన్ నంబరు చెక్కిన మెడ బిళ్ళ. ప్రయాణంలో మీ చేతిలో ఉండే ఫోన్ నంబరే చెక్కించండి, ఇంటి నంబరు కాదు.
- టీకా కార్డు, వాడుతున్న మందుల చీటీ. రెండింటి ఫొటోలూ ఇద్దరి ఫోన్లలో ఉండాలి.
- మామూలుగా తినే మేత, ప్రయాణం రోజులకు తోడు ఇంకో మూడు రోజులకు సరిపడా. దారిలో కొత్త బ్రాండుకు మారిస్తే విరేచనాలు పట్టుకునే అవకాశం ఎక్కువ.
- తాగడానికి మంచినీళ్ళు. మామూలు రోజున కిలో బరువుకు 50–60 మిల్లీలీటర్లు, అంటే 20 కిలోల కుక్కకు లీటరు పైచిలుకు. ఎండలో, ఇసుకలో ఆడే రోజున దానికి రెట్టింపు పెట్టుకోండి.
- 5 లీటర్ల చేతి పంపు స్ప్రేయర్ ఒకటి, తువ్వాళ్ళు మూడు.
- డిజిటల్ థర్మామీటర్, గాజుగుడ్డ, సెలైన్, పిడుదులు తీసే కొక్కెం.

బండికి: సిమ్‌తో పనిచేసే ఉష్ణోగ్రత అలారం, గ్యాస్ లీకునీ కార్బన్ మోనాక్సైడునూ పసిగట్టే అలారాలు, టైరు గాలి కొలిచే గేజ్, చక్రాల కింద పెట్టే అడ్డుచెక్కలు, మీరు వెళ్ళే తీరానికి సంబంధించిన పోటు–ఆటు సమయాల పట్టిక.

1. మూడు వారాల ముందు నుంచి బండిని అలవాటు చేయండి

బండి ఇంటి ముందు ఆగి ఉండగా, ఇంజిన్ ఆపి, లోపలే అన్నం పెట్టండి. రెండు మూడు రోజులకు కుక్క తనంతట తాను ఎక్కుతుంటే ఇంజిన్ ఆన్ చేసి పెట్టండి. తర్వాత పది నిమిషాల చుట్టు, ఆపై అరగంట, చివరికి ఒక రాత్రి లోపలే నిద్ర. జనరేటర్ చప్పుడు, ఫ్యాన్ చప్పుడు, నీళ్ళ పంపు టకటకలాడే చప్పుడు అన్నీ ఈ వారాల్లోనే వినిపించాలి. పంపు చప్పుడు చాలా కుక్కలను ఉలిక్కిపడేలా చేస్తుంది, పైగా అది రాత్రిపూట ఎవరు కొళాయి తిప్పినా మోగుతుంది.

సరిచూసుకోవడం ఎలా: బండి కదులుతున్నప్పుడు కుక్క పావుగంటలోపు పడుకుని తల కింద పెట్టిందంటే అలవాటైనట్టే. అదేపనిగా చొంగ కారుస్తున్నా, ఆవలిస్తున్నా, పెదాలు నాకుతున్నా కడుపులో తిప్పుతున్నట్టు. అలాంటి కుక్కకు బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందే తేలికగా పెట్టి ఆపేయండి. అయినా తగ్గకపోతే పశువైద్యుణ్ని అడిగి మారోపిటాంట్ మాత్ర రాయించుకోండి. దాన్ని ప్రయాణానికి కనీసం రెండు గంటల ముందు వేయాలి, బండెక్కే ముందు కాదు. మన ఇంట్లో ఉండే పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ లాంటివి కుక్కకు ఎప్పుడూ వేయకండి, అవి విషం.

2. కాగితాలు, చిప్, టీకాలు

దేశం సరిహద్దు దాటేట్టయితే ముందు మైక్రోచిప్ (చర్మం కింద వేసే, గుర్తింపు నంబరున్న చిన్న చిప్), ఆ తర్వాత రేబిస్ టీకా. ఈ వరుస తప్పితే యూరప్ దేశాల్లో ఆ టీకా చెల్లదు. వరుస సరిగ్గా ఉన్నా మొదటి టీకా తర్వాత 21 రోజులు ఆగాలి. చిప్ వేయించి ఊరుకోకుండా, పశువైద్యుడి దగ్గర స్కానర్‌తో ఓసారి చదివించి, ఆ 15 అంకెల నంబరు కింద మీ ఇప్పటి ఫోన్ నంబరే నమోదై ఉందో లేదో చూసుకోండి. నంబరు మార్చుకున్నాక చిప్ వివరాలు మార్చడం మరిచిపోవడం చాలా సాధారణం. దారిలో తప్పిపోయిన కుక్క దొరికినా మీ దాకా రాకపోవడానికి అదే కారణమవుతుంది.

పిడుదులకు, దోమల వల్ల వచ్చే గుండె పురుగులకు మందు వేసే తేదీ ప్రయాణం మధ్యలో పడితే ఏం చేయాలో ముందే అడిగి తెలుసుకోండి. తీరపు గడ్డిలోనూ ఉప్పుటేర్ల పక్కనా ఈ రెండూ దండిగా ఉంటాయి.

3. దారి వేసుకోవడం

రోజుకు మూడు నాలుగు గంటల డ్రైవింగ్ చాలు. తీరపు రోడ్లు వంకరటింకరగా ఉంటాయి, ఫోన్ మ్యాప్ చూపించే సమయం కారుకు లెక్కేసింది. దానికి మూడో వంతు కలుపుకుని ప్లాన్ చేయండి. రెండు గంటలకోసారి పావుగంట ఆగాలి: కుక్కకు నీళ్ళు, మూత్రం, కాస్త నడక, పిల్లలకూ అంతే.

ప్రతి మజిలీకీ మూడు సంగతులు ముందే రాసుకోండి. ఆ బీచ్‌లో కుక్కలకు ఏ నెలల్లో, ఏ వేళల్లో అనుమతి ఉంది. దగ్గర్లోని పశువైద్యశాల ఫోను నంబరు, అది రాత్రిపూట తెరిచి ఉంటుందా. క్యాంప్‌గ్రౌండ్‌లో (బండి ఆపి రాత్రి గడిపే చోటు) కరెంటు పాయింట్ ఉందా, ఉంటే ఎన్ని ఆంపియర్లు. వేసవిలో చాలా బీచ్‌లు పగటిపూట కుక్కలను రానివ్వవు. తాబేళ్ళు, తీరపక్షులు గుడ్లు పెట్టే కాలంలో కొన్నిచోట్ల దారే మూసేస్తారు. అక్కడికి వెళ్ళాక తెలిస్తే కుక్కను బండిలో వదలాల్సి వస్తుంది, తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

తక్కువ ఎత్తు వంతెనల కింద ఇరుక్కోకుండా బండి ఎత్తును ఏసీ పైభాగం వరకూ కొలిచి, ఆ అంకెను స్టీరింగ్ దగ్గర అతికించండి.

4. బండిలో కుక్క చోటు

వెనక చక్రాల ఇరుసుకు అవతల ఉండే భాగం అన్నిటికంటే ఎక్కువ ఎగురుతుంది. కుక్క చోటు రెండు ఇరుసుల మధ్య ఉంటే కుదుపు, వాంతులు తగ్గుతాయి. క్రేట్‌ను నేలలో బిగించిన ఉక్కు కొక్కేలకు పట్టీలతో కట్టండి. అలమారాల చెక్కకో, టేబుల్ కాలికో కట్టడం పెద్ద పొరపాటు: గట్టిగా బ్రేకు వేస్తే స్క్రూలు చెక్కతో సహా ఊడొస్తాయి. క్రేట్ లేకపోతే హార్నెస్‌ను బండి చట్రానికి బిగించిన సీటు బెల్టుకు తగిలించండి. మెడ బెల్టుకు ఎప్పుడూ తగిలించొద్దు, మెడ విరుగుతుంది. డ్రైవరు పక్క సీటులో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కాబట్టి అక్కడా వద్దు, ఒళ్ళో అసలే వద్దు.

సరిచూసుకోవడం: క్రేట్‌ను రెండు చేతులతో నాలుగు వైపులా గట్టిగా గుంజండి. వేలెడంత కన్నా ఎక్కువ కదిలితే పట్టీలు మళ్ళీ బిగించండి.

గ్యాస్ గురించి ఒక మాట. వంట గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేలకు దిగి పేరుకుంటుంది. కుక్క పడుకునేది నేల మీదే. అందుకే గ్యాస్ అలారం మోకాలి ఎత్తుకు కిందే ఉండాలి, కుక్క పరుపు దానికి అడ్డం రాకూడదు. అలారాల వెనక గడువు తేదీ ఉంటుంది, చూడండి. బండి నడుస్తున్నంతసేపూ సిలిండర్ వాల్వు కట్టేసి ఉంచండి.

5. నిమిషాల పరీక్ష

24 డిగ్రీల హాయైన రోజున కూడా మూసి ఉన్న కారు లోపల పది నిమిషాల్లో దాదాపు 34, అరగంటలో 43 డిగ్రీలకు చేరుతుంది. కిటికీ రెండు వేళ్ళ సందు తెరిచి ఉంచినా పెద్ద తేడా ఉండదు. మోటర్‌హోమ్ కారు కంటే పెద్దది, గోడలు మందం, కాబట్టి కాస్త నెమ్మదిగా వేడెక్కుతుంది. ఎంత నెమ్మదిగా అన్నది ప్రతి బండికీ వేరు, అందుకే మీ బండినే కొలవాలి.

ఇలా చేయండి:

క. మధ్యాహ్నం ఎండలో, కుక్కను ఇంట్లో ఉంచి, బండిని ఖాళీగా నిలపండి. ఏసీ వేసి లోపల 22 డిగ్రీలకు తీసుకురండి.

ఖ. థర్మామీటర్‌ను కుక్క పడుకునే ఎత్తులో పెట్టండి. పైన అలమారాలో పెడితే తప్పు లెక్క వస్తుంది.

గ. ముందు అద్దానికి ఎండ తెర వేసి, పైకప్పు ఫ్యాన్ తిప్పి, ఏసీ కట్టేయండి. మీరు నిజంగా కుక్కను వదిలి వెళ్ళేటప్పుడు ఎలా ఉంచుతారో అలాగే ఉంచాలి.

ఘ. ఐదేసి నిమిషాలకోసారి అంకె రాసుకోండి. 27 డిగ్రీలకు ఎన్ని నిమిషాలు పట్టింది, 30కి ఎన్ని?

30 డిగ్రీలకు పట్టిన నిమిషాల్లో సగం మీ హద్దు. ఉదాహరణకు 24 నిమిషాలు పడితే, నడిచి 12 నిమిషాల్లో బండి దగ్గరికి రాగలిగినంత దూరమే వెళ్ళాలి. మిగతా సగం అలారం ఆలస్యంగా రావడానికీ, బిల్లు కట్టడానికీ, చెప్పులు వెతుక్కోవడానికీ. పరీక్ష చేసిన రోజుకన్నా బయట వేడి ఎక్కువుంటే ఈ లెక్క పనికిరాదు, మళ్ళీ కొలవాలి. పొట్టి ముక్కు కుక్కలకు, ముసలి కుక్కలకు, బొద్దుగా ఉన్నవాటికి ఇంకో సగం తగ్గించండి.

ఇప్పుడు కరెంటు లెక్క. పైకప్పు ఏసీ నడుస్తున్నప్పుడు ఇంచుమించు 1500 వాట్లు తాగుతుంది. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది దాదాపు 1280 వాట్-అవర్లు. అంటే ఇంచుమించు 50 నిమిషాలకే బ్యాటరీ ఖాళీ. “ఇన్వర్టర్ ఉందిగా” అని ధైర్యపడేవాళ్ళు ఈ భాగహారం ఒక్కసారి చేసి చూడండి. ఫ్యాన్ అయితే అదే బ్యాటరీ మీద రోజంతా తిరుగుతుంది, కానీ అది బయటి గాలినే లోపలికి లాగుతుంది తప్ప చల్లబరచదు. జనరేటర్ ఉన్నా, అది బండి డీజిలు లేదా పెట్రోలు ట్యాంకు నుంచే తీసుకునే రకమైతే ట్యాంకు పావు వంతుకు దిగగానే ఆగిపోతుంది. బండి దారిలో నిలిచిపోకూడదని అలాగే తయారు చేస్తారు.

అలారం సంగతి: బ్లూటూత్‌తో పనిచేసేవి బండి పక్కనే ఉంటే తప్ప పనికిరావు. క్యాంప్‌గ్రౌండ్ వైఫై మీద నడిచేవి కరెంటు పోగానే మూగబోతాయి, మీకు కావలసింది సరిగ్గా ఆ క్షణానే. సొంత సిమ్, సొంత బ్యాటరీ ఉన్నదే తీసుకోండి. 27 డిగ్రీలకు మోగేలా పెట్టండి, ఇద్దరి ఫోన్లకు సందేశం వచ్చేలా చూడండి.

సరిచూసుకోవడం: కొత్త చోట ఆగిన ప్రతిసారీ మెయిన్ స్విచ్ కట్టేసి, “కరెంటు పోయింది” అన్న సందేశం ఫోనుకు వచ్చిందో లేదో చూడండి. తర్వాత మీరు వెళ్ళబోయే హోటలుకో దుకాణానికో ఒకరు నడిచి వెళ్ళి అక్కడ సిగ్నల్ ఉందో చూడాలి. కొండ వాలు కింద ఉన్న బీచ్‌లలో తరచూ ఉండదు. సిగ్నల్ లేకపోతే వంతులవారీగా వెళ్ళండి, ఒకరు కుక్కతో ఉండండి. అసలు దీన్నే మొదటి పద్ధతిగా పెట్టుకోమని మా సలహా. అలారం రెండో అండ మాత్రమే.

వదిలి వెళ్ళేటప్పుడు కిటికీకి ఒక కాగితం అంటించండి: లోపల ఏసీ నడుస్తోంది, ఉష్ణోగ్రత ఇంత, నంబరు ఇది. లోపలి అంకె బయటికి కనబడేలా ఒక థర్మామీటర్ వేలాడదీస్తే ఇంకా మేలు. లేకపోతే కుక్క కోసం కంగారుపడిన వాళ్ళు అద్దం పగలగొట్టే అవకాశం ఉంది, వాళ్ళను తప్పుపట్టలేం.

6. తలుపు, ఆగడం, గాలి

కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా బండి తలుపు దగ్గరే. తీరపు గాలి తలుపును చేతిలోంచి లాగేస్తుంది, ఆ సందులోంచి కుక్క దూకేస్తుంది. కాబట్టి లీష్ తగిలించి, దాని కొస పెద్దవాళ్ళ చేతిలో ఉన్నాకే తలుపు తెరవాలి. పిల్లలకూ ఇదే నియమం నేర్పండి. పక్కకు జరిగే గదులున్న (ఆగాక బయటికి జరిపి లోపలి చోటు పెంచుకునే) బండి అయితే, వాటిని తెరిచేటప్పుడూ మూసేటప్పుడూ కుక్క బయటే ఉండాలి. పిల్లి అయితే బండి కదిలే ముందు దాన్ని కళ్ళతో చూసి తీరాలి, అలమారా వెనకో డాష్‌బోర్డు కిందో దూరి ఉంటుంది.

ఎత్తైన బండిని పక్కగాలి నెట్టేస్తుంది. వంతెన మీదికి ఎక్కేటప్పుడు, కొండ మలుపు దాటి సముద్రం ఎదురయ్యేచోట వేగం ముందే తగ్గించండి. రాత్రికి ఆగినప్పుడు ముక్కు గాలికి ఎదురుగా పెట్టండి, బయటి గుడారపు తెర చుట్టేయండి.

ఇసుక మీద బండి ఆపొద్దు. ఎండిన నాచు గీతలా పడి ఉందంటే పోటు అక్కడిదాకా వస్తుందని గుర్తు. అమావాస్యకూ పౌర్ణమికీ అటూ ఇటూ రోజుల్లో అది దాటి కూడా వస్తుంది.

7. బీచ్‌లో

ముందు అరచేతి వెనక భాగాన్ని ఇసుక మీద ఏడు సెకన్లు ఆనించండి. ఆనించలేకపోతే కుక్క పాదాలూ ఆగలేవు. పైన ఉన్న పొడి ఇసుకే ఎక్కువ కాలుతుంది, తడి ఇసుక దాకా ఎత్తుకెళ్ళండి లేదా సాయంత్రం దాకా ఆగండి.

ఇక ఉప్పునీళ్ళు. బీచ్‌కు వెళ్ళొచ్చిన కుక్కలకు విరేచనాలు ఎందుకవుతాయంటే, మేత వల్లనో ఎండ వల్లనో అనుకుంటారు. చాలాసార్లు కారణం బంతి. అలల్లోకి విసిరిన బంతిని నోటితో అందుకున్న ప్రతిసారీ కుక్క ఒక గుక్క సముద్రం మింగుతుంది. కాసేపటికి కడుపులో ఉప్పు పేరుకుని ఒంట్లోని నీటిని పేగుల్లోకి లాగుతుంది. దాహం వేసి ఇంకా తాగుతుంది. ఎక్కువైతే వాంతులు, తూలడం, వణుకు, చివరికి ఫిట్స్.

అందుకని:

- నీళ్ళలోకి బంతి కాకుండా పళ్ళెంలా పలచగా తేలే బొమ్మ విసరండి, నోరు అంతగా తెరవక్కర్లేదు.
- పావుగంట ఆట, తర్వాత నీడలో మంచినీళ్ళు. అడగకపోయినా గిన్నె ముందు పెట్టండి.
- బయలుదేరే ముందే కడుపు నిండా మంచినీళ్ళు తాగించండి.

తూలుతున్నా, వణుకుతున్నా ఒకేసారి బోలెడు నీళ్ళు పట్టించడం తప్పు. ఒంట్లో ఉప్పు ఉన్నట్టుండి పడిపోతే మెదడు వాచే ప్రమాదం ఉంది. కొద్దికొద్దిగా ఇస్తూ వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్ళండి.

ఒడ్డుకు కొట్టుకొచ్చినవేవీ నోట పెట్టనివ్వకండి. చచ్చిన జెల్లీ చేప కూడా కుడుతుంది. ఒళ్ళు ఉబ్బించే పఫర్ చేప ఎండిపోయినా దాని విషం పోదు. ఎండిన నాచు మింగితే కడుపులో నీరు తగిలి ఉబ్బుతుంది. గాలం వేసేవాళ్ళు వదిలేసిన ముల్లుకు ఎర వాసన ఉంటుంది, కుక్క మింగిందంటే బయటికి వేలాడే దారాన్ని లాగొద్దు, కోయొద్దు. అలాగే ఉంచి తీసుకెళ్ళండి.

ఇసుక తవ్వే కుక్క మర్నాడు ఇసుక కలిసిన మలం వేస్తే భయం లేదు. రోజంతా మలం రాకుండా, వాంతులవుతూ, పొట్ట ముట్టుకోనివ్వకపోతే పేగుల్లో ఇసుక గట్టిపడిందేమో చూపించాలి.

8. వడదెబ్బ తగిలితే

ఆగకుండా రొప్పడం, చిగుళ్ళు ఎర్రగా కందిపోవడం, చొంగ చిక్కబడటం, తూలడం దీని గుర్తులు. కుక్క మామూలు ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీలు. 40 దాటితే ముందు చల్లబరచండి, తర్వాత తీసుకెళ్ళండి. దగ్గర ఏ చల్లని నీళ్ళుంటే అవి ఒళ్ళంతా పోస్తూ, ఫ్యాన్ గాలి తగలనివ్వండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకూడదు, అది కాసేపట్లో వెచ్చబడి వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. 39.5కి దిగాక నీళ్ళు పోయడం ఆపి, బండిలో ఏసీ వేసి ఆస్పత్రికి వెళ్ళండి. పైకి తేరుకున్నట్టు కనిపించినా వెళ్ళాల్సిందే. మూత్రపిండాల దెబ్బ మరుసటి రోజుకు గానీ బయటపడకపోవచ్చు.

9. ఉప్పు కడగడం: కుక్కకూ, బండికీ

ప్రతి సాయంత్రం కుక్క బండెక్కే ముందే స్ప్రేయర్‌తో మంచినీళ్ళు కొట్టండి. పొట్టి వెంట్రుకల కుక్కకు మూడు నాలుగు లీటర్లు చాలు. వీపు మీద కాదు, కాలివేళ్ళ సందులు, చంకలు, పొట్ట కింద, హార్నెస్ ఒరుసుకునే చోట్ల ఎక్కువ కొట్టాలి. ఉప్పు ఎండిన హార్నెస్ ఒక్క రోజులోనే చర్మం గీసేస్తుంది కాబట్టి దాన్నీ నానబెట్టి జాడించండి. చెవుల లోపల నీళ్ళు పోయకుండా మెత్తని గుడ్డతో ఒత్తి తుడవండి.

సరిచూసుకోవడం: ఒళ్ళు ఆరాక వెంట్రుకలకు ఎదురుగా వేళ్ళు పోనిచ్చి చూడండి. వేళ్ళకు జిగురుగా, గరగరగా తగిలితే ఉప్పు మిగిలే ఉంది. అలాగే వదిలేస్తే కుక్క రాత్రంతా నాకుతుంది, మళ్ళీ ఉప్పు కడుపులోకే.

బండిని మూడు రోజులకోసారి అడుగు భాగం కడగండి. పైకి రంగు మెరుస్తూనే ఉన్నా, తుప్పు ముందు పట్టేది కింద: మెట్ల కీళ్ళు, బ్రేకు పైపులు, పక్కకు జరిగే గదుల పట్టాలు, బ్యాటరీ కొసలు. తిరిగొచ్చాక ఓసారి పూర్తిగా కడిగి, ఆరాక కీళ్ళకు గ్రీజు పెట్టండి.

ఇంటికొచ్చాక వారం పాటు రోజూ కుక్క చెవుల వెనక, కాలివేళ్ళ మధ్య, తోక మొదట్లో పిడుదుల కోసం వేళ్ళతో తడమండి. తల ఊపుతూ చెవి గోక్కుంటే లోపల తడి ఉండిపోయి ఇన్ఫెక్షన్ మొదలైనట్టు, చుక్కల మందు కోసం చూపించండి. ఈ వారంలో జ్వరం, నీరసం, కుంటడం కనిపిస్తే తీరానికి వెళ్ళొచ్చిన సంగతి, తేదీలతో సహా, వైద్యుడికి మొదటే చెప్పండి.